కికింగ్ టీ రివ్యూ: సెక్స్‌టన్ పాయింట్ల కింద నిలిచిన రబ్బరు ముక్క

జానీ సెక్స్‌టన్ ఐర్లాండ్ తరఫున 118 మ్యాచ్‌లు ఆడి 1,108 పాయింట్లు చేశాడు. ఐర్లాండ్ రగ్బీ చరిత్రలో ఇంత లెక్క ఇంకెవరికీ లేదు. అందులో ట్రైలనూ (బంతిని ఎదుటి జట్టు గోల్ లైను అవతల నేలకు ఆనించడం), డ్రాప్ గోల్స్‌నూ (బంతిని చేతిలోంచి నేల మీదికి వదిలి, లేచేటప్పుడు తన్నడం) తీసేస్తే మిగిలినవన్నీ అరచేతిలో ఇమిడిపోయే ఒక చిన్న వస్తువు మీద బంతి నిలబెట్టి తన్నినవే. దాన్నే కికింగ్ టీ అంటారు. డబ్లిన్‌లో సుమారు 10 నుంచి 25 యూరోల మధ్య రకరకాలవి దొరుకుతాయి. అక్కడ పిల్లల్ని రగ్బీ క్లబ్బులో చేర్చిన మన తెలుగువాళ్లు బూట్ల విషయంలో నాలుగు షాపులు తిరుగుతారు గానీ, టీ దగ్గరికొచ్చేసరికి చేతికి అందింది తీసి బుట్టలో పడేస్తారు. అక్కడే తేడా కొడుతుంది.

ముందే చెప్పేస్తే ఒక పని అయిపోతుంది: ఒకే ముక్కగా పోతపోసిన రబ్బరు టీ కొనండి. ఎత్తు పొట్టిగా గానీ మధ్యస్థంగా గానీ ఉండాలి, రంగు నారింజో పసుపో అయి ఉండాలి. అదే మోడల్ రెండు కొనండి. మర తిప్పి ఎత్తు మార్చుకునే టీ జోలికి వెళ్లొద్దు. ఎందుకో కింద చూద్దాం.

రగ్బీ బంతి పొడవు 28 నుంచి 30 సెంటీమీటర్లు, బరువు 410 నుంచి 460 గ్రాములు. రెండు వైపులా మొనదేలి ఉండే ఆ బంతి గడ్డి మీద తనంతట తాను నిలబడదు. టీలు రాకముందు కిక్కర్లు మడమతో నేలలో గుంట చేసి, బిళ్ళంగోడు ఆటలో బిళ్ళను గుంట అంచున ఆనించినట్టు బంతిని ఆనించేవాళ్లు. ఆ తర్వాత ఇసుక కుప్పలు వచ్చాయి. ఇసుక, రంపపు పొట్టు వాడుకోవచ్చని నిబంధనల్లో ఇప్పటికీ ఉంది. గుంటతో వచ్చిన చిక్కల్లా ప్రతిసారీ అది కొత్త గుంటే కావడం. ఒకసారి లోతు ఎక్కువ, ఇంకోసారి వాలు ఎక్కువ. పది కిక్కులు కొడితే పదీ పది రకాల బంతులు తన్నినట్టే. టీ వల్ల ఒరిగే మేలు అదొక్కటే, కానీ చాలా పెద్ద మేలు: బంతి ప్రతిసారీ ఒకే ఎత్తులో, ఒకే వాలులో కాలికి అందుతుంది.

దీనికి సెక్స్‌టన్ కెరీర్ మొదట్లోనే మంచి ఉదాహరణ ఉంది. 2009 మేలో డబ్లిన్‌లోని క్రోక్ పార్క్‌లో ఐర్లాండ్ ప్రాంతీయ జట్లు లెన్‌స్టర్, మన్‌స్టర్ మధ్య హైనెకెన్ కప్ (యూరప్ క్లబ్బు జట్ల టోర్నీ) సెమీఫైనల్. 82,208 మంది జనం. లెన్‌స్టర్ ఆటను నడిపించే ఫ్లై-హాఫ్ ఫెలిపె కొంటెపోమి గాయపడి బయటికి వెళ్తే బెంచీ మీద కూర్చున్న సెక్స్‌టన్ లోపలికి వచ్చాడు. వచ్చీ రాగానే అతని మొదటి పని పెనాల్టీ (ఎదుటి జట్టు తప్పు చేస్తే దొరికే గోల్ కిక్కు) కొట్టడం. కొట్టాడు, పడింది. లెన్‌స్టర్ 25-6తో గెలిచింది. ఆటలో కాలు ఇంకా ఊపందుకోనివాడికి అలాంటప్పుడు పట్టుకోవడానికి ఉండేది ఒక్క అలవాటే: టీ ఎలా పెట్టాలి, బంతి ఎటు తిప్పాలి, ఎన్ని అడుగులు వెనక్కి వేయాలి. టీ మారితే ఆ అలవాటులో మొదటి మెట్టే ఊడిపోతుంది. ఒకే మోడల్ రెండు కొనమన్నది అందుకే. కంపెనీలు అప్పుడప్పుడూ డిజైన్ మార్చేస్తుంటాయి. పాతది పోయిన రోజు అదే దొరక్కపోతే కొత్తదానికి కాలు అలవాటు పడేదాకా వారాలు పడుతుంది.

ఇక ఎత్తు సంగతి. అట్టపెట్టె మీద వేసిన సెంటీమీటర్లు పట్టించుకోవద్దు, అవి ఎక్కువగా టీ అంచు దాకా కొలిచినవి. బంతి పెట్టి చూడండి. బంతి కింది కొనకూ నేలకూ మధ్య ఎంత ఎడం ఉందన్నదే అసలు కొలత. రెండు వేళ్ల మందమైతే పొట్టి టీ, బెత్తెడు ఉంటే పొడవాటి టీ, మూడు వేళ్లయితే మధ్యస్థం.

పొడవాటి టీ మీద బూటు బంతి కిందికి సులువుగా దూరుతుంది, బంతి ఇట్టే పైకి లేస్తుంది. 3 మీటర్ల ఎత్తున్న క్రాస్‌బార్ (గోల్ స్తంభాల మధ్య అడ్డకర్ర) దాటించడానికే కష్టపడే కుర్రాడికి మొదటి సీజన్‌లో ఇది ఉత్సాహం ఇస్తుంది. కానీ పైకి లేచిన బంతి గాలిలో ఎక్కువసేపు ఉంటుంది, ముందుకు తక్కువ పోతుంది. ఐర్లాండ్ గాలి ఎలాంటిదో అక్కడ ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు. 35 మీటర్ల అవతలి నుంచి కొట్టాల్సి వచ్చినప్పుడు దూరం చాలదు. దూరం చాలకపోతే ఏమవుతుందో చూడాలంటే 2009 మార్చి 21న కార్డిఫ్‌లో జరిగిన మ్యాచ్ చాలు. వేల్స్ కిక్కర్ స్టీఫెన్ జోన్స్ ఆఖరి నిమిషంలో కొట్టిన పెనాల్టీ గోల్ దాకా వెళ్లలేక క్రాస్‌బార్ కిందుగా పడిపోయింది. ఐర్లాండ్ 17-15తో గెలిచి 61 ఏళ్ల తర్వాత గ్రాండ్ స్లామ్ (సిక్స్ నేషన్స్ టోర్నీలో అన్ని మ్యాచ్‌లూ గెలవడం) పట్టుకుపోయింది. అది దాదాపు సగం మైదానం అవతలి నుంచి కొట్టిన కిక్కు కాబట్టి టీని తిట్టి లాభం లేదనుకోండి. కానీ ఎత్తు కోసం దూరాన్ని వదులుకుంటే చివరికి తేలేది ఇలాగే.

పొట్టి టీ దీనికి తిరగబడ్డ బేరం. బంతి నేలకు దగ్గరగా ఉంటుంది, దెబ్బ గట్టిగా సూటిగా తగులుతుంది, దూరం వస్తుంది. కాలు కొంచెం ముందే నేలను తాకిందో, బూటు ముక్కు మట్టిని గీరుకుని బంతి నేల మీదే దొర్లిపోతుంది. అందుకే మొదలుపెట్టేవాళ్లకు మధ్యస్థం, కాలు కుదిరాక పొట్టిది. ఒక్కసారే మార్చాలి, ఆ మార్పు కూడా సీజన్ అయిపోయాక వేసవిలో చేయాలి.

రకాలు ముఖ్యంగా మూడు. మొదటిది చుట్టూ గోడ ఉన్న గిన్నె టీ. కాలు వచ్చే వైపు గోడను కోసి ఖాళీ వదులుతారు. బంతి గట్టిగా కూర్చుంటుంది, గాలికి పడదు. కొనేటప్పుడు ఆ ఖాళీ ఎంత వెడల్పుందో చూడండి. బూటు ముందు భాగం అంచులకు తగలకుండా దూరాలి. ఇరుకుగా ఉంటే బంతితో పాటు గోడను కూడా తన్నుతారు, దెబ్బ బలం సగం అక్కడే పోతుంది. గిన్నె అడుగున నీళ్లు పోవడానికి చిల్లు ఉండాలి. చిల్లు లేని టీలో వాన నీరు నిలిచి, బంతి కొన తడిసి జారిపోతుంది.

రెండోది మూడు నాలుగు కొమ్ముల టీ. బంతికి తక్కువ చోట ఆనుతుంది కాబట్టి దెబ్బ శుభ్రంగా తగులుతుంది, వాలు కూడా సన్నగా సర్దుకోవచ్చు. బాగా కొట్టేవాళ్లకు ఇది నచ్చుతుంది. గాలి విసురుగా ఉన్న రోజు మాత్రం బంతి ఊగుతుంది. కొమ్ముల చివర విడిగా తొడిగిన రబ్బరు టోపీలు ఉండే మోడల్ అయితే అవి గడ్డిలో ఊడిపోతాయి. ఒక టోపీ పోయిన టీ ఒక కాలు విరిగిన పీటతో సమానం. టోపీలు లేకుండా కొమ్ములతో సహా ఒకే రబ్బరుతో పోసినదైతే నిక్షేపంగా తీసుకోవచ్చు.

మూడోది మర తిప్పి ఎత్తు పెంచుకునేది. షాపులో చూడ్డానికి ఇదే అన్నిటికన్నా తెలివైనదిగా కనబడుతుంది, ధర కూడా ఎక్కువ. మొదటి వానలోనే మరలోకి బురద దూరుతుంది. తర్వాత రెండు రకాలుగా చెడుతుంది: బిగిసిపోయి తిరగదు, లేదా వదులై ప్రతి కిక్కుకూ ఒక పిసరు కిందికి దిగుతుంది. రెండోది మరీ ప్రమాదం, ఎందుకంటే కంటికి తెలియదు. ఎత్తు అర సెంటీమీటరు తగ్గిన సంగతి తెలియక కుర్రాడు తన కాలులో తప్పు వెతుక్కుంటూ ఉంటాడు. పైగా ఎత్తు మార్చే సౌకర్యం ఉంటే మారుస్తూనే ఉంటారు. అలవాటు పాడవడానికి ఇంతకన్నా దగ్గరి దారి లేదు.

గట్టి ప్లాస్టిక్ టీలు చవక. ఎండకు పెళుసెక్కి, చలి రోజున బూటు దెబ్బకు అంచు చిట్లుతాయి. చిట్లిన అంచు బంతి పైపొరను గీస్తుంది. పెరట్లో సరదాకి తప్ప మరి దేనికీ పనికిరావు.

ఇప్పుడు టీ పెట్టడం. తడి మైదానంలో ఎక్కువ కిక్కులు చెడేది ఇక్కడే. ముందు టీ అడుగున ఇరుక్కున్న గడ్డీ మట్టీ వేలితో తీసేయాలి. అడుగున చిక్కుకున్న గడ్డి ముద్ద టీని ఒక పక్కకు ఎత్తేస్తుంది. ఖాళీ ఉన్న వైపు తన వైపుకు తిప్పుకుని, అరచేతితో నిట్టనిలువుగా నొక్కాలి. చాలామంది మడమతో తొక్కుతారు, అది తప్పు. మడమ బరువు వెనక అంచు మీద పడి టీ వెనక్కి ఒరుగుతుంది. తర్వాత బంతి. దానికి నాలుగు పలకలు, వాటి మధ్య కుట్లు ఉంటాయి. ఒక కుట్టును గోల్ మధ్యకు గురిపెట్టి నిలబెడితే వంకర వెంటనే కంటికి తెలుస్తుంది. గాలి కొట్టే వాల్వ్ బూటు తగిలే చోటికి రాకూడదు, అక్కడ గట్టిగా ఉండి దెబ్బ తేడాగా తగులుతుంది. బంతి పై కొన గోల్ వైపు వాలేకొద్దీ కిక్కు తక్కువ ఎత్తులో దూసుకుపోతుంది, మీ వైపు వాలేకొద్దీ పైకి లేచి దూరం తగ్గుతుంది. నిటారుగా మొదలుపెట్టి గోల్ వైపు కొద్దిగా వంచుకుంటూ చూసుకోండి. వాలు కుదిరిన తర్వాత బంతి పై కొన కుట్టు టీ మీద ఏ గుర్తుకు ఎదురుగా ఉందో చూసి పెట్టుకుంటే మళ్లీ అదే వాలు తేలిగ్గా వస్తుంది.

ఆనుకాలు (తన్నే కాలు కాకుండా నేల మీద ఆనించే కాలు) బంతికి పక్కన, ఒక బూటు పొడవు దూరంలో పడాలి. మరీ వెనక పడితే కాలు సాగదీసి తన్నాల్సి వచ్చి బంతి లేచిపోతుంది. మరీ దగ్గరగా పడితే తుంటి తిరగడానికి చోటు ఉండదు, కుడికాలి కిక్కర్ బంతి కుడికి జారుతుంది. కిక్కు తర్వాత టీని చూడండి. అక్కడే కాస్త కదిలి ఉంటే మంచిదే. ప్రతిసారీ రెండు మూడు మీటర్ల అవతల పడుతోందంటే బూటు బంతికంటే టీనే ఎక్కువ తన్నుతోంది. బురదలో ఇది ఇంకా ఎక్కువ, ఎందుకంటే ఆనుకాలు ఒక సెంటీమీటరు దిగబడితే తన్నే కాలు కూడా అంతే కిందికి వస్తుంది. స్టడ్స్ పొడవుగా ఉన్న బూట్లు వేసుకోవడమే దానికి మందు. టీ ఎత్తు మార్చడం కాదు.

గాలి పీడనం చూసుకోకుండా టీని తప్పుబట్టేవాళ్లు కూడా ఉన్నారు. మ్యాచ్ బంతిలో 9.5 నుంచి 10 పీఎస్ఐ ఉండాలి. మెత్తబడ్డ బంతి టీలో చక్కగా కూర్చుంటుంది, కాలికి హాయిగా ఉంటుంది, కానీ దూరం పోదు. ప్రాక్టీసులో మెత్తటి బంతికి అలవాటు పడి మ్యాచ్‌లో గట్టి బంతి తన్నితే గురి కుదరదు. 10 యూరోల లోపు దొరికే చిన్న గేజ్ కొంటే టీకి పెట్టిన డబ్బుకు న్యాయం జరుగుతుంది.

ఆటలో టైమ్ కూడా లెక్కే. పెనాల్టీ కొడతామని చెప్పాక 60 సెకన్లు. కన్వర్షన్‌కు (ట్రై చేశాక దొరికే అదనపు గోల్ కిక్కు) ఇంతకుముందు 90 ఉండేవి, ఇప్పుడు అదీ 60కి దిగింది. టైమ్ దాటితే కన్వర్షన్ పోయినట్టే, పెనాల్టీ అయితే స్క్రమ్ (రెండు జట్లవాళ్లు భుజాలు కలిపి తోసుకుంటూ బంతి కోసం పోటీపడేది) ఎదుటి జట్టుకు వెళ్తుంది. పరుగు మొదలుపెట్టకముందే బంతి పడిపోతే మళ్లీ పెట్టుకోవచ్చు, కానీ గడియారం ఆగదు. పరుగు మొదలయ్యాక పడితే ఎలా ఉన్న బంతిని అలాగే తన్నాలి, లేదా తీసుకుని డ్రాప్ గోల్‌కు ప్రయత్నించాలి. కాబట్టి గాలి రోజున తోటి ఆటగాడు నేల మీద పడుకుని బంతి పై కొనకు ఒక వేలు ఆనించొచ్చు, నిబంధనలు ఒప్పుకుంటాయి. ఇది సిగ్గుపడాల్సిన పని కాదు. పెద్ద మ్యాచ్‌లలో టీ తెచ్చిచ్చే మనిషి కిక్కర్ కోసం ఒక నీళ్ల సీసా మాత్రమే తీసుకురావచ్చు. క్లబ్బు మ్యాచ్‌లో అయితే ఎవరు తెస్తారో ముందే మాట్లాడుకోండి. కొన్నిసార్లు 60 సెకన్లలో 20 టీ కోసం అరవడానికే పోతాయి.

కన్వర్షన్‌లో ఇంకో మెలిక ఉంది. కిక్కర్ పరుగు మొదలుపెట్టగానే గోల్ లైను వెనకున్న ఎదుటి జట్టువాళ్లు మీదికి దూసుకురావచ్చు. పెనాల్టీకి అలా రాకూడదు, కదలకుండా నిలబడాలి. 2013 నవంబరు 24న డబ్లిన్‌లో ఈ మెలిక ఐర్లాండ్ మెడకు చుట్టుకుంది. న్యూజిలాండ్ మీద 22-17తో ఆధిక్యంలో ఉండగా చివరి నిమిషాల్లో సెక్స్‌టన్‌కు పెనాల్టీ దొరికింది. పడితే 25-17, ఒక ట్రై, కన్వర్షన్ కలిసినా అందుకోలేని తేడా. తప్పిపోయింది. ఆఖర్లో రయాన్ క్రోటీ ట్రై చేశాడు, స్కోరు సమం. ఆరన్ క్రూడెన్ కన్వర్షన్ కూడా మొదట తప్పింది. కానీ ఐర్లాండ్ ఆటగాళ్లు టైమ్ కంటే ముందే దూసుకొచ్చారని రిఫరీ మళ్లీ కొట్టనిచ్చాడు. రెండోసారి పడింది, 24-22. అందుకే ప్రాక్టీసులో ఒకరిద్దరు ఎదురుగా పరుగెత్తుకొస్తుండగా కొట్టడం కూడా అలవాటు చేయించాలి. ఖాళీ మైదానంలో నేర్చుకున్న నిదానమైన పరుగు అప్పుడే ఎక్కడ తడబడుతుందో తెలుస్తుంది.

మూల నుంచి కొట్టే కన్వర్షన్‌కు టీ ఎంత వెనక పెట్టాలన్నదానికి ఒక సులువైన లెక్క ఉంది. ట్రై పడిన చోటు గోల్ మధ్యనుంచి ఎంత దూరంలో ఉందో, అదే వరుసలో దాదాపు అంతే దూరం వెనక్కి వెళ్తే 5.6 మీటర్ల గోల్ అన్నిటికన్నా వెడల్పుగా కనబడుతుంది. 20 మీటర్ల పక్కన పడితే 20 మీటర్లు వెనక్కి. అప్పుడు గోల్ సుమారు 8 డిగ్రీల కోణంలో తెరుచుకుంటుంది. టచ్‌లైన్ (మైదానం పక్క గీత) పక్కనే, అంటే 35 మీటర్ల దూరంలో పడితే ఈ లెక్క ప్రకారం వెనక్కి వెళ్లినా నాలుగున్నర డిగ్రీలే, పైగా కిక్కు దాదాపు 50 మీటర్లు పోవాలి. కాలిలో అంత బలం లేనివాళ్లు కోణం కొంచెం వదులుకుని ముందుకు జరగడమే నయం. డబ్లిన్‌లోని అవివా స్టేడియంలో ఉత్తరం వైపు స్టాండ్ ఇళ్ల కోసం తక్కువ ఎత్తులో కట్టారు. ఇలా ఒక పక్క తెరిపిగా ఉన్న మైదానాల్లో గోల్ దగ్గరి జెండా ఒక వైపు ఊగుతుంటే, టీ దగ్గర చల్లిన గడ్డి పరకలు ఇంకో వైపు పోవచ్చు. రెండూ చూసుకున్నాకే కుట్టు గురి పెట్టాలి.

టీ చేయలేని పనులు కూడా ఉన్నాయి. సెక్స్‌టన్ పేరు చెప్పగానే జనం తలుచుకునే 2018 ఫిబ్రవరి నాటి పారిస్ కిక్కులో టీ లేదు. 41 ఫేజ్‌ల (బంతి పోగొట్టుకోకుండా వరుసగా చేసిన దాడుల) తర్వాత టైమ్ దాటిపోయాక కొట్టిన డ్రాప్ గోల్ అది, ఐర్లాండ్ 15-13తో గెలిచింది. 2023 వరల్డ్ కప్‌లో నాంట్ నగరంలో టోంగా మీద సెక్స్‌టన్ తనకు ముందటి ఐర్లాండ్ కిక్కర్ రోనన్ ఓ'గారా 1,083 పాయింట్ల రికార్డు దాటింది కూడా కిక్కుతో కాదు, ట్రైతో. టీ పుణ్యం చూడాలంటే 2011 హైనెకెన్ కప్ ఫైనల్ చూడాలి. ఇంగ్లండ్ క్లబ్బు నార్తాంప్టన్ సగం ఆటకు 22-6తో ముందుంది. లెన్‌స్టర్ 33-22తో గెలిస్తే అందులో 28 సెక్స్‌టన్‌వే: రెండు ట్రైలు, మూడు కన్వర్షన్లు, నాలుగు పెనాల్టీలు. అంటే ఏడు సార్లు బంతి టీ మీద నిలబడి గోల్ దాటింది.

ఎవరికి అక్కర్లేదంటే, ముందు చిన్న పిల్లలకు. వాళ్ల వయసు జట్టులో గోల్ కిక్కులు అసలు ఉన్నాయో లేదో కోచ్‌ని అడిగాకే కొనండి. 10 నుంచి 14 ఏళ్లవాళ్లు వాడేది 4వ సైజు బంతి, 5వ సైజు కోసం చేసిన గిన్నెలో అది లోపలికి కూరుకుపోతుంది. షాపుకు బంతి పట్టుకెళ్లి పెట్టి చూడాలి. సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ) ఆడేవాళ్లకు కూడా టీ వద్దు. అక్కడ కన్వర్షన్ డ్రాప్ కిక్కే. 2025లో మన దేశపు సెవెన్స్ టోర్నీ రగ్బీ ప్రీమియర్ లీగ్‌లో హైదరాబాద్ హీరోస్ ఆట చూసి ఉత్సాహపడిన పిల్లలకు టీ బహుమతిగా ఇస్తే అది అలమారలోనే ఉంటుంది. బదులుగా ఒక మంచి బంతి ఇవ్వండి.

రబ్బరు టీకి సేవ పెద్దగా ఏమీ లేదు. మ్యాచ్ అయ్యాక చల్లటి నీళ్లతో కడిగి నీడన ఆరబెట్టాలి. కారులో ఎండపడే చోట వదిలేస్తే వంగిపోతుంది, వంగిన టీ మళ్లీ సరిగ్గా కూర్చోదు. కొనగానే పేరు రాసుకోండి, క్లబ్బు సంచిలో అన్నీ నారింజ రంగువే ఉంటాయి. పర్మనెంట్ మార్కర్‌తో అడుగు భాగంలో, లోపలి గుంటలో రాయండి. పైన రాస్తే బూటు రాపిడికి నెల తిరక్కుండానే చెరిగిపోతుంది.